ఐదు గ్లాసులు

రోహిణీ కార్తె. రాజోలు అవతల, వశిష్ఠ ఒడ్డున ఉన్న ఆ రిసార్టులో మధ్యాహ్నం నుంచి ఒక్క పిట్ట కూడా కూయలేదు. సాయంత్రం అయిదు కావస్తోంది. బారులో సూరిబాబు ఒక్కడే ఉన్నాడు. ఐసు పలకని తెల్లగుడ్డలో చుట్టి చెక్క సుత్తితో కొడుతున్నాడు. ఐసు ముక్కలు చేసే మిషను ఉంది గానీ దానిమీద అతనికి గురి లేదు. బహ్రెయిన్ హోటల్లో పదకొండేళ్ళు ఇదే పని చేసి వచ్చిన చెయ్యి అది. ఎండాకాలంలో ముక్క గుప్పెడంత ఉండాలనీ, చిన్నముక్కలైతే నోటి దాకా వెళ్ళేలోగా నీళ్ళయిపోతాయనీ అతని పట్టుదల.

గుడ్డ విప్పి తల ఎత్తేసరికి కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తలుపు తీసిన చప్పుడే వినపడలేదు. తెల్ల పంచె, పొట్టిచేతుల చొక్కా, నుదుట సగం చెరిగిన విభూతి. బారుకి వచ్చే మనిషిలా లేరు. దారి తప్పి వచ్చారేమో అనుకున్నాడు సూరిబాబు.

"జిన్ అండ్ టానిక్ అంటారే, అది మీరే చేస్తారా అండీ?" అని అడిగారాయన.

"ఆయ్, నేనేనండి."

"ఈ ఎండల్లో ఎలా చేస్తే బాగుంటుంది?"

అలా అడిగినవాళ్ళు తక్కువ. సూరిబాబుకి సంతోషం వేసింది. "ఒక్కొక్కళ్ళకి ఒక్కో ఇష్టమండి. నేనైతే గ్లాసు పొద్దుటే ఫ్రీజర్లో పెట్టేస్తానండి. జిన్ ఒక వంతు, టానిక్ మూడు వంతులు. గ్లాసు వంచి గోడ వెంట పొయ్యాలండి, ధారగా పోస్తే గ్యాసంతా పోద్ది. స్పూనుతో ఒక్క తిప్పే. అందరూ నిమ్మచెక్క వేస్తారు. నేను దబ్బాకు వేస్తానండి. అరచేతుల మధ్య ఒక్కసారి చరిస్తే చాలు, గది గదంతా వాసనొస్తుంది."

"దబ్బాకు," అన్నారు పెద్దాయన. ఆ మాటని నోట్లోనే కాసేపు ఉంచుకున్నట్టు అన్నారు. "అలాగే చెయ్యండి."

సూరిబాబు చేసి తీసుకెళ్ళి ముందు పెట్టాడు. నల్ల అద్దాల కిటికీ కాబట్టి బారులో పగలు కూడా చీకటిగానే ఉంటుంది. గోడ పైన నీలం ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. వాటి కింద పెట్టగానే గ్లాసు లోపల్నుంచి మంచులాంటి నీలి వెలుగు మొదలైంది. కొత్తవాళ్ళు అది చూసి ఫొటోలు తీసుకుంటారు. ఆయన తీసుకోలేదు.

"ఇది మందు వెలుగు కాదండీ. టానిక్‌లో క్వినైన్ ఉంటుంది. ఈ దీపంలో కంటికి కనపడని కాంతి ఉంటుంది, అది తగిలితే ఇలా మెరుస్తుంది. ముప్ఫయ్యొక్కేళ్ళు కెమిస్ట్రీ చెప్పేను గానీ గ్లాసులో చూడటం ఇదే," అన్నారు.

గ్లాసు ముట్టుకోలేదు. దానికి ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎదుట కుర్చీలో ఎవరో ఉన్నట్టు, వాళ్ళు తాగటం అయ్యేదాకా ఆగినట్టు కూర్చున్నారు. గదిలో ఐసు చిట్లిన చప్పుడు తప్ప ఏమీ లేదు. అరగంటకి లేచి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని బయటికి నడిచారు.

సూరిబాబు కిటికీలోంచి చూశాడు. ఆయన రేవులోకి దిగే చెక్క వంతెన మీద చివరిదాకా వెళ్ళి, వంగి, గ్లాసు ఎడం చేతిలోకి మార్చుకుని కుడి అరచేతిలోకి వంచారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి నీళ్ళు గోదావరిలోకి జారాయి, వెనకే దబ్బాకు కూడా. చచ్చిపోయినవాళ్ళకి వదిలే తీరు అది. ఆయన నిలబడ్డ చోట ఒక్క చెక్క మాత్రం మిగతావాటికన్నా తెల్లగా ఉంటుంది. ఏడాది కిందట మార్చినది. దానికి రంగు వేసేటప్పుడు సూరిబాబు పక్కనే ఉన్నాడు.

అతను ఆఫీసుగదిలోకి వెళ్ళి రిజిస్టరు తిప్పాడు. నాలుగో నెంబరు కాటేజీ. పేరు సుందరరామయ్య. ఊరు కొత్తపేట. ఆ పేరు అతనికి తెలుసు. కిందటి వేసవిలో పోలీసులు రాసుకుని అతనిచేత సంతకం పెట్టించుకున్న కాగితంలో ఉంది: 'శ్రీకళ, తండ్రి సుందరరామయ్య, వయస్సు ఇరవై ఏడు. ఐదు గ్లాసుల జిన్ తాగిన మత్తులో కాలు జారి నదిలో పడినది.'

ఐదు గ్లాసులని చెప్పింది సూరిబాబే.

ఇంటికెళ్ళాక అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తితే దబ్బాకు వాసన వచ్చింది. లేచి సబ్బుతో చెయ్యి కడిగి వచ్చాడు. మళ్ళీ వచ్చింది. భార్య సత్యదుర్గ మంచినీళ్ళు అందిస్తూ అతని వేళ్ళు తగిలి ఉలిక్కిపడింది.

"ఏంటండీ, చేతులు ఇంత చల్లగా ఉన్నాయి? ఐసు పట్టుకుని గంటలైపోయింది కదా."

"ఆ పిల్ల నాన్నగారొచ్చేరు," అన్నాడు.

ఏ పిల్ల అని సత్యదుర్గ అడగలేదు. ఆ వేసవి నుంచీ ఆ ఇంట్లో 'ఆ పిల్ల' అంటే ఒక్కతే. కంచం పక్కకి జరిపి అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఏవన్నా అడిగేరా?"

"జిన్ ఎలా చేస్తావని అడిగేరు. అంతే."

మర్నాడు పొద్దున్న మేనేజరు రాజేంద్ర అతన్ని పిలిచాడు. మర్యాద తెలిసినవాడు, గొంతు ఎప్పుడూ పెంచడు. "నాలుగో కాటేజీ ఆయనెవరో నాకూ తెలుసు సూరిబాబూ. రూము లేదని చెబితే ఇంకా గొడవ. నాలుగు రోజులుంటారు, వెళ్ళిపోతారు. అడిగింది ఇవ్వు. మాట్లాడకు. మన దగ్గర నలభై మంది పనిచేస్తున్నారని మర్చిపోకు."

కిందటేడు కూడా ఇదే మాట అన్నాడు. వంతెనకి అనుమతి లేదు, చివరి చెక్క పుచ్చిపోయింది, అక్కడి దీపం వారం నుంచి వెలగటం లేదు. ఇవన్నీ బయటపడితే గేటుకి తాళం పడుతుంది, నలభై మందీ రోడ్డుమీద పడతారు, పోయినమ్మాయి ఎలాగూ రాదు. అలా అన్నప్పుడు రాజేంద్ర కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. సూరిబాబు తలూపాడు.

అయిదింటికి సుందరరామయ్య గారు అదే కుర్చీలో ఉన్నారు.

"ఇవాళ కొంచెం వేరేగా చేస్తారా?" అన్నారు. "ఐసు మూడు ముక్కలు చాలు. నిమ్మచెక్క పిండకండి, అంచుకి రాసి లోపల వెయ్యండి. దబ్బాకు చరచద్దు, చీల్చద్దు. కాడ పైకి ఉండేట్టు నిలబెట్టండి. స్పూను వద్దు, ఆ కాడే పట్టుకుని తిప్పుకోవాలి."

సూరిబాబు చేతిలోంచి నిమ్మకాయ జారి కౌంటరు వెనక ఎక్కడికో దొర్లిపోయింది. పదకొండేళ్ళు అక్కడ, మూడేళ్ళు ఇక్కడ, ఎన్ని వేల గ్లాసులు చేశాడో తెలీదు. ఆకు కాడతో తిప్పుకుంటానని అడిగిన మనిషి ఒక్కతే. ఆ కుర్చీలోనే కూర్చుంది. ఆ మాటలే, ఆ వరసలోనే చెప్పింది.

"ఎవరు చెప్పేరండీ మీకు ఇలాగని?" అన్నాడు. 

"ఎవరు చెప్తారండీ? మా అమ్మాయి మజ్జిగ అలా తాగేది. చిన్నప్పట్నుంచీ అంతే. ఆకు చీలిస్తే చేదొస్తుందనేది." ఆయన కిటికీ వైపు తిరిగారు. "ఇక్కడా అలాగే అడిగుంటుందని ఊరికే అనుకున్నాను. అడిగిందన్న మాట."

సూరిబాబు ఫ్రీజరు తెరిచాడు. గ్లాసు తీసి, ఐసు వేసి, జిన్ సీసా అందుకున్నాడు. కొలతలో పోస్తుంటే ఆయన చూపు చేతి మీదే ఉందని తెలుస్తోంది. పోసేశాడు. టానిక్ నింపి, కాడ పైకి ఉండేట్టు ఆకు నిలబెట్టి తీసుకెళ్ళాడు.

ఆయన ఫోను తీసి బల్లమీద పెట్టారు. అందులో ఒక ఫొటో. ఇదే కిటికీ, ఇదే నీలం వెలుగు. విశాఖలో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళు ఆరుగురు గ్లాసులెత్తి నవ్వుతున్నారు. చివర్న కూర్చున్న శ్రీకళ కెమెరా వంక కాకుండా బయటికి, గోదావరి వంక చూస్తోంది.

"గ్లాసులు చూడండి," అన్నారు సుందరరామయ్య గారు. "అందరివీ వెలుగుతున్నాయి. మా అమ్మాయిది కాస్త ఎక్కువ వెలుగుతోంది. జిన్ కలిస్తే టానిక్ పలచనవుతుంది, వెలుగు తగ్గుతుంది. కలవకపోతే తగ్గదు. కానీ తేడా చాలా తక్కువండీ. నా కళ్ళు ముసలివి. తండ్రి కళ్ళు. దీన్ని పట్టుకెళ్ళి ఎవరికి చూపించను? మూడో రోజుకి అమ్మాయి అంతర్వేది దగ్గర దొరికింది. పరీక్ష చెయ్యటానికి ఏం మిగల్లేదన్నారు. మీ మాట ఒక్కటే మిగిలింది."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. పాఠం చెబుతున్నట్టు చెప్పారు. తరువాత గ్లాసు పట్టుకుని వంతెన మీదికి వెళ్ళారు. సూరిబాబు కిటికీ దగ్గర నిలబడిపోయాడు. ఆయన నీళ్ళు వదిలి, ఆకు కూడా వదిలి, వంగి అలాగే చూస్తున్నారు. చాలాసేపటికి ఖాళీ గ్లాసుతో తిరిగి వచ్చారు.

"నిన్నా ఇంతే, ఇవాళా ఇంతే," అన్నారు. "ఆకు సముద్రం వైపు పోవటం లేదండీ. ఎదురొచ్చి ఆ తెల్ల చెక్క కిందకే చేరుతోంది."

"పోటు టైమండి అది. సముద్రం నీళ్ళు పైకి తోసుకొస్తాయండి, ఈ వేళప్పుడు."

"అంతే అయి ఉంటుంది," అన్నారాయన. గ్లాసుని కౌంటరు మీద బోర్లించారు. "మా అమ్మాయి జిన్ పుచ్చుకోదు. అందుకని వెనక్కి పంపుతోందేమో అని ఒక్క క్షణం అనిపించింది. నాలాంటివాడు అనుకోవలసిన మాట కాదు."

ఆ గ్లాసు కడగటానికి సూరిబాబుకి ధైర్యం చాలలేదు. బోర్లించిన గ్లాసు అంచు చుట్టూ, కౌంటరు చెక్క మీద, మిగిలిన తడి నీలంగా వెలుగుతూ ఉండిపోయింది. గుడ్డతో తుడిస్తే గుడ్డ వెలిగింది.

మూడో రోజు ఎండ ఇంకా పెరిగింది. సూరిబాబు మధ్యాహ్నమే వెళ్ళి వంతెన చివర నిలబడ్డాడు. తెల్ల చెక్క కిందికి తొంగి చూశాడు. దుంగకి అతుక్కుని రెండు దబ్బాకులు ఉన్నాయి. ఒకటి చరిచినది, ఒకటి చీలనిది. పోటుకే వచ్చి ఉంటాయి. ఆ మాట గట్టిగా, పైకే అనుకున్నాడు. అయినా వాటిని తియ్యలేక వెనక్కి వచ్చేశాడు.

అయిదింటికి సుందరరామయ్య గారు కుర్చీలో కూర్చునే వేళకి రాజేంద్ర కూడా వచ్చి కౌంటరు చివర నిలబడ్డాడు. ఏవో కాగితాలు చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

పెద్దాయన రాజేంద్రకి నమస్కారం పెట్టి, సూరిబాబు వైపు తిరిగారు. "రేపు వెళ్ళిపోతున్నానండీ. ఈ ఒక్క గ్లాసే. నా ఇష్టం కాదు, మీ ఇష్టమూ కాదు. ఆ రోజు మా అమ్మాయికి ఎలా చేసి ఇచ్చేరో అలా చెయ్యండి. అంతే."

సూరిబాబు ఫ్రీజర్లోంచి గ్లాసు తీశాడు. దానిమీద పొగలాంటి మంచు పట్టి ఉంది. ఐసు మూడు ముక్కలు. నిమ్మచెక్క అంచుకి రాశాడు. చెయ్యి దానంతటదే జిన్ సీసా మీదికి వెళ్ళింది. మూత తీశాడు. కొలత గిన్నె మీదికి వంచాడు.

ఆ రోజు ఆ పిల్ల కౌంటరు దగ్గరికి వచ్చి, వాళ్ళవాళ్ళు వినకుండా, వంగి అన్న మాట చెవి పక్కనే వినపడింది. 'అన్నా, నాకు జిన్ వెయ్యకండి. వేసినట్టే ఇవ్వండి. లేకపోతే వీళ్ళు నన్ను బతకనివ్వరు.' అలా అని నవ్వింది. అయిదుసార్లు వచ్చింది. అయిదుసార్లూ అదే గ్లాసు, అదే నవ్వు. ఏడు దాటాక, గాలికి వెళ్ళొస్తానని వంతెన వైపు నడిచింది.

సీసాలోంచి చుక్క పడలేదు. సూరిబాబు దాన్ని నిటారుగా ఎత్తాడు. మూత బిగించాడు. వెనక్కి తిరిగి అరలో, దాని చోట దాన్ని పెట్టేశాడు. తరువాత టానిక్ సీసా తెరిచి, గ్లాసు వంచి, గోడ వెంట అంచుదాకా నింపాడు. ఆకు నిలబెట్టాడు.

"సూరిబాబూ," అన్నాడు రాజేంద్ర మెత్తగా. "జిన్ మర్చిపోయావు."

"మర్చిపోలేదండి. ఆవిడకి ఎప్పుడూ వెయ్యలేదు."

గ్లాసులో గ్యాసు బుడగలు పగలటం వినపడింది. రాజేంద్ర ఏదో అనబోయి, పెద్దాయన మొహం చూసి, కాగితాలు పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళటంలోనే రేపట్నుంచి తనకిక్కడ పని లేదని సూరిబాబుకి తెలిసింది.

సుందరరామయ్య గారు గ్లాసు అందుకున్నారు. ఈసారి వంతెన మీదికి వెళ్ళలేదు. ఆకు కాడ పట్టుకుని ఒకసారి తిప్పి, పెదాలకి ఆనించుకుని ఒక్క గుక్క మింగారు.

"చేదు," అన్నారు. "ఐదు గ్లాసులు ఎలా తాగిందో!" అప్పుడు ఏడ్చారు. గ్లాసు వదలకుండానే ఏడ్చారు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "నాకు చాలండీ," అన్నారు. "కానీ నేను చెబితే మా ఆవిడ నమ్మదు. కూతుర్ని వెనకేసుకొస్తున్నాననుకుంటుంది. ఏడాదిగా మా చుట్టాలు ఆ మాట అన్నప్పుడల్లా తల దించుకునే ఉంది. మీరు ఒక్కసారి మా ఇంటికొచ్చి చెప్పాలి."

"వస్తానండి," అన్నాడు సూరిబాబు.

ఆ రాత్రి ఇంట్లో ఆ సంగతి చెప్పాడు. సత్యదుర్గ, "పొద్దున్న ఫస్టు బస్సుకే వెళ్ళండి. ఆలస్యమైతే మీ మనసు మళ్ళీ మారిపోద్ది," అంది. అతని చొక్కా తనే ఇస్త్రీ చేసింది.

కొత్తపేటలో బస్సు దిగి, సుందరరామయ్య గారి వెంట కొబ్బరితోటల పక్కన ఇంటికి చేరేసరికి తొమ్మిదయింది. ఆయన భార్య శేషమ్మ గారు పెరట్లో తాటాకు చాప మీద మాగాయ ముక్కలు ఎండబెడుతున్నారు. సన్నటి మనిషి. భర్త వెనక కొత్త మనిషిని చూసి కొంగు సర్దుకుని, కుర్చీ చూపించారు గానీ పని ఆపలేదు. ముక్క ముక్కా తీసి, తిరగేసి, మళ్ళీ పెడుతున్నారు.

సూరిబాబు కూర్చోలేదు. తనెవరో చెప్పాడు. "అమ్మగారూ, మీ అమ్మాయిగారు ఆ రోజు తాగలేదండి. ఒక్క చుక్క కూడా తాగలేదు. ఉత్త టానిక్కే ఇచ్చేను. పోలీసులకి నేను చెప్పింది అబద్ధమండి. వంతెన మీద దీపం లేదు, చెక్క పుచ్చిపోయి విరిగింది. తెల్లారేలోగా కొత్తది వేసేసేరు."

బస్సులో దారంతా ఆ మాటలు వరస పెట్టుకుంటూ వచ్చాడు. వాటి తరువాత ఏం జరుగుతుందో కూడా ఊహించుకున్నాడు. తిడతారనుకున్నాడు. లేదా ఊరట పడతారనుకున్నాడు.

శేషమ్మ గారి చెయ్యి ఒక ముక్క మీద ఆగిపోయింది.

"తాగలేదా?"

"లేదండమ్మా."

"అయితే అంతా తెలుస్తూనే ఉందన్న మాట దానికి."

సూరిబాబుకి అర్థం కాలేదు. సుందరరామయ్య గారు ఒక అడుగు ముందుకి వేసి ఆగారు.

"మత్తులో ఉంది కదా, నీళ్ళు చల్లగా తగిలినా తెలిసుండదు, భయం వేసుండదు, నిద్దట్లో పోయినట్టు పోయి ఉంటుంది అనుకున్నాను," అన్నారావిడ. గొంతు మామూలుగానే ఉంది. "ఊళ్ళోవాళ్ళు తాగిందంటే సిగ్గుపడ్డాననుకున్నారు మీరంతా. నేను ఆ మాట పట్టుకునే బతికేను. పోన్లే తాగింది, పోన్లే తాగింది అని రోజూ అనుకునేదాన్ని."

సుందరరామయ్య గారు గుమ్మానికి ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయారు. ఏడాదంతా ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి ఆయనకి తెలియలేదు. ఎండ మాగాయ మీద నిశ్చలంగా కాస్తోంది. తోటలో ఆకు కదలటం లేదు. చెప్పిన మాట వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉంటే సూరిబాబు తీసేసుకునేవాడు.

"అరిచిందా?" అని అడిగారు శేషమ్మ గారు.

ఏ చప్పుడూ వినపడలేదని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆ కళ్ళ ముందు ఇంకో అబద్ధం చెప్పటం అతనివల్ల కాలేదు.

"పాటలు గట్టిగా పెట్టేరండి. అరుపు వినపడలేదు. నేను అప్పుడు ఐసు కొడుతున్నాను. ఒక్కసారి ఫెళ్ళుమని బయట చప్పుడయిందండి. ఐసే అనుకున్నాను. గుడ్డ విప్పి చూస్తే పలక విరగలేదు. అయినా వెళ్ళి చూడలేదండి నేను. మళ్ళీ కొట్టేను."

ఆవిడ లేచారు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు.  మగవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇక రారేమో అనుకుంటుండగా తెల్ల కాగితాలు, పెన్ను, కింద పెట్టుకుని రాయటానికి ఒక పాత అట్ట పట్టుకుని వచ్చారు. అవి కుర్చీలో పెట్టారు.

"రాయండి," అన్నారు. "చెక్క సంగతి ముందు రాయండి. దీపం లేదని రాయండి. ఆ చప్పుడు సంగతి కూడా రాయండి. ఇవాళే ముగ్గురం అమలాపురం వెళ్ళి పోలీసులకి ఇచ్చేద్దాం."

సూరిబాబు నేల మీద కూర్చుని, అట్ట మోకాలి మీద పెట్టుకుని రాశాడు. మూడు పేజీలయింది. చెమట చుక్కలు పడ్డ చోట అక్షరాలు ఉబ్బాయి. రాసినంతసేపూ శేషమ్మ గారు పక్కనే నిలబడి ఉన్నారు. పూర్తయ్యాక తీసుకుని, మొదట్నుంచీ నిదానంగా, ఒక్కో వరస మీదా వేలు పెట్టి చదివారు. చివరిదాకా చదివి మళ్ళీ మొదటి పేజీకి వచ్చారు.

"ప్రతిచోటా ఆ అమ్మాయి, ఆ అమ్మాయి అని రాశారు," అంటూ కాగితాలు అతని చేతికిచ్చారు. "దానికి పేరుంది. పేరు రాయండి."

సూరిబాబు మొదటి వరస నుంచీ ఒక్కొక్కటే కొట్టేస్తూ, పైన శ్రీకళ అని రాయటం మొదలుపెట్టాడు.